చిన్నోడి మీద కాకి పగ

బంగారు పిల్లలూ,

బెజవాడలో మీ డాబా మీద చిన్నోడు కాకిని రాయితో కొట్టాడట, అప్పట్నుంచి వాడు పైకెక్కితే చాలు నెత్తిన తన్నడానికి వస్తోందట. దానికి మొహం గుర్తుంటుందా తాతయ్యా అని అడిగారు కదా. నిక్షేపంలా ఉంటుంది.

అమెరికాలో సియాటిల్ ఊళ్ళో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీలో జాన్ మార్జ్‌లఫ్ అనే ప్రొఫెసర్ 2006లో సరిగ్గా ఇదే పరీక్షించాడు. ఆదిమానవుడి మాస్క్ పెట్టుకుని కొన్ని కాకుల్ని పట్టి వదిలేశారు. ఆ తర్వాత ఆ మాస్క్‌తో ఎవరు నడిచినా ఒకటే గోల! మామూలు మొహంతో వెళ్తే పట్టించుకునేవి కావు. పోనుపోను అసలు పట్టుబడని కాకులూ, తర్వాత పుట్టిన పిల్లలూ కూడా మిగతావాటిని చూసి తిట్టడం నేర్చుకున్నాయి. అంటే చిన్నోడి సంగతి ఈపాటికి వీధి కాకులన్నిటికీ తెలిసే ఉంటుంది, వాడికి టెన్షన్ తప్పదు.

అంత చిన్న తలలో ఇదంతా ఎలా పడుతుందంటారా? మనకున్నట్టు మెదడు మీద ముడతల పొర పక్షులకు లేదు కాబట్టి వాటికి ఆలోచనే రాదని చాలాకాలం శాస్త్రవేత్తలే అనుకున్నారు. 2016లో కణాలు లెక్కపెట్టి చూస్తే, చిలకల్లో, కాకిజాతుల్లో నాడీకణాలు పొద్దుటి గుంటూరు ప్యాసింజర్లో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. అంతే బరువున్న కోతిజాతి మెదడుతో పోలిస్తే సగటున రెట్టింపు!

అలాగని పిట్టలన్నీ అన్నీ నేర్చుకోవు. కోకిల పిల్ల కాకి గూట్లోనే పెరుగుతుంది, కాకి పెట్టిందే తింటుంది, అయినా పెద్దయ్యాక కూ అనే అంటుంది, ఎందుకంటే ఆ కూత దానికి పుట్టుకతోనే వస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. చిలకలు, హమ్మింగ్‌బర్డ్‌లు, పాటపిట్టలు మాత్రం వినే నేర్చుకుంటాయి.

మీ పక్కింటి పంజరంలో ఉన్న జీబ్రా ఫించ్‌లు ఆ పాటపిట్టలే. మగపిల్ల తండ్రి పాట విని, మొదట ఏదో గొణిగి, సాధన చేసి చేసి దారిలో పెట్టుకుంటుంది. నాకు మహా ఇష్టమైన సంగతి ఒకటుంది. పగలు పాడేటప్పుడు మెదడులో ఏ కణాలు ఏ వరసలో పనిచేశాయో, నిద్రలోనూ అప్పుడప్పుడు అదే వరసలో పనిచేస్తాయని షికాగో యూనివర్సిటీ వాళ్ళు 2000లో చూపించారు. అందుకని రాత్రిపూట పంజరం దగ్గర లైటు వేసి వాటిని లేపకండి, పక్కింటి ఆంటీకి కూడా చెప్పండి.

ఉంటాను,
గుంటూరు తాతయ్య