మొవ్వు మాడిన ఏడాది

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా శెనక్కాయ చేలు నిలువునా మాడిపోయాయి. ముందు చిగురు నల్లబడింది, తర్వాత కాండం కుళ్లింది. లేత మొక్కలైతే బతకనే లేదు. ఎప్పుడూ వచ్చే మొవ్వుకుళ్లే అనుకుంటే ఎవరినీ తప్పుపట్టలేం, రెండూ పైకి ఒకేలా ఉంటాయి. మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరీక్షిస్తే వేరే వైరస్ బయటపడింది. దాని పేరు టొబాకో స్ట్రీక్. ఆ ఏడు దాదాపు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది.

అసలు దొంగ గట్టు మీదే ఉంది. వయ్యారిభామ అనే కలుపు మొక్కకు ఈ వైరస్ సోకినా జబ్బు కనబడదు, నవనవలాడుతూ పూస్తుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పువ్వుల్లో తిరిగే తామర పురుగుల ఒంటికి ఆ పొడి అంటుకుంటుంది, కొంత గాలికీ ఎగిరొస్తుంది. పురుగు శెనక్కాయ ఆకును గీకి రసం పీల్చిన చోట పుప్పొడి పడితే చాలు, ఆ గాయంలోంచి వైరస్ లోపలికి దిగుతుంది. అందుకే పూత రాకముందే వయ్యారిభామను పీకెయ్యమంటారు, చేను చుట్టూ జొన్నో సజ్జో నాలుగైదు సాళ్లు వెయ్యమంటారు. ఇంత పెద్ద తెగులుకు ఇంత చిన్న మందు! కానీ జబ్బు పేరు తెలిశాకే కదా ఆ మందు దొరికేది.

మన ఊరి యూనివర్సిటీకి బయోటెక్నాలజీ సెంటర్ ఎందుకని అడిగేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. ఆ యూనివర్సిటీ, అంటే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కూడా 1968లో పీజీ సెంటర్‌గా మొదలై 1981లో యూనివర్సిటీ అయింది. సెంటర్లూ అలాగే పెరగాలి, ఒక్కో అవసరానికి ఒక్కో గది చొప్పున. నన్నడిగితే మొదటి గదిలో ఉండాల్సింది ఎలైసా, వైరస్‌ను రంగుతో పట్టిచ్చే పరీక్ష. దాన్ని 96 గుంటలున్న అరచేతంత ప్లాస్టిక్ ప్లేటులో చేస్తారు. నూరిన ఆకు రసం, వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీ, చివర్లో రంగునిచ్చే ద్రావణం వరసగా పోస్తారు. వైరస్ ఉన్న గుంట పసుపుగా మారుతుంది, లేనిది రంగు లేకుండానే ఉండిపోతుంది. చూడ్డానికి ఏమీ ఉండదు, ఫొటోలకు అసలే పనికిరాదు.

జన్యువుల పని ఆ తర్వాత. వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును శెనక్కాయలోకి ఎక్కించి, తెగులును తట్టుకునే మొక్కల కోసం మన దేశంలో ప్రయోగాలు జరిగాయి. జన్యువు ఎక్కిన కణం నుంచి మళ్లీ మొక్కను లేపాలంటే టిష్యూ కల్చర్ గది ఉండాలి. దానికి ఆగని కరెంటు కావాలి. నేను చదువుకున్న ల్యాబులో ఓ వేసవి రాత్రి కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ లేదు. రెండు నెలల కల్చర్లు ఉడికిపోయాయి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి తెల్లారేసరికి నీళ్లు కారుతున్నాయి. గ్రాంటు అడిగేటప్పుడు మిషన్ల పేర్లే రాస్తాం, డీజిల్ ఎవరికీ గుర్తురాదు.

దగ్గర్లో ల్యాబు ఉంటే మాత్రం, కదిరి వైపు చేలో పొద్దున కోసిన ఆకు ఐసు పెట్టెలో మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది. ఆ రసం రాత్రంతా ప్లేటులో నానితే, మర్నాడు సాయంత్రానికి గుంట రంగు మారిందో లేదో తెలిసిపోతుంది.