పెద్దపేగులో సంచులు ఎందుకు వస్తాయి?

నెల్లూరు, చిత్తూరు నుంచి చూపించుకోవడానికి చెన్నై వచ్చే మన పెద్దవాళ్లలో కొందరు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) రిపోర్టులో ‘డైవర్టిక్యులోసిస్’ అన్న మాట చూసి హడలిపోతారు. పిల్లలు ఆ రాత్రంతా ఫోన్‌లో వెతికి టెన్షన్ ఇంకాస్త పెంచుతారు. పేగు గోడ నుంచి చిన్న చిన్న సంచులు బయటికి పొడుచుకు రావడమే ఇది. చాలామందికి అవి ఉన్నట్టు చివరిదాకా తెలియదు.

పెద్దపేగుకు లోపల మెత్తటి పొర, దాని చుట్టూ కండరం ఉంటాయి. ఆ పొరకు రక్తం తెచ్చే నాళాలు కండరంలోంచి దూరి లోపలికి వెళ్తాయి. దూరిన చోటల్లా గోడ బలహీనమే. పేగు బిగుసుకున్నప్పుడల్లా లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ, చిరిగిన టైరులోంచి ట్యూబు ఉబ్బినట్టు, లోపలి పొర ఆ సందుల్లోంచి బయటికి ఉబ్బుతుంది. వయసుతో గోడలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ కూడా బిరుసెక్కుతుంది. మలద్వారానికి కాస్త పైన, ఎడమవైపున్న సిగ్మాయిడ్ భాగం పెద్దపేగులో బాగా ఇరుకు. గొట్టం ఎంత సన్నమైతే లోపలి ఒత్తిడి అంత ఎక్కువ. అందుకే పాశ్చాత్యుల్లో సంచులు ఎక్కువగా అక్కడే కనిపిస్తాయి.

పీచు తక్కువ తినడమే కారణమని 1971లో పెయింటర్, బర్కిట్ అనే డాక్టర్లు రాశారు. ఆఫ్రికా పల్లెల్లో ఈ జబ్బు దాదాపు లేకపోవడం వాళ్లకు పెద్ద ఆధారం. చాలాకాలం అందరూ అదే నమ్మారు. 2012లో అమెరికాలో కొలనోస్కోపీ చేయించుకున్నవాళ్లను పరిశీలిస్తే, పీచు ఎక్కువ తినేవాళ్లలోనే సంచులు ఎక్కువగా కనిపించాయి! అలాగని పీచు మానేయక్కర్లేదు. పీచు బాగా తినేవాళ్లు ఈ జబ్బుతో ఆస్పత్రిలో చేరడం తక్కువని వేరే అధ్యయనాల్లో తేలింది. సంచి పుట్టడం ఒకటి, అది వాచడం ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే గందరగోళమంతా అని నాకనిపిస్తుంది. వంశపారంపర్యం పాత్ర కూడా తక్కువేం కాదు.

జామకాయ గింజలు సంచిలో ఇరుక్కుంటాయని ఇంట్లో భయపెడుతుంటారు. 47 వేల మంది మగవాళ్లను 18 ఏళ్లు గమనించిన అధ్యయనం 2008లో వచ్చింది. అందులో వేరుశనగల్లాంటి పప్పులు, పాప్‌కార్న్ తిన్నవాళ్లకు వాపు ముప్పేమీ పెరగలేదు. ముప్పు పెంచేవి పొగతాగడం, ఊబకాయం, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు.

సంచి వాస్తే కడుపులో ఒకే చోట నొప్పి, జ్వరం వస్తాయి. సంచి మీదుగా సాగిన నాళం చిట్లితే నొప్పి లేకుండానే మలంలో రక్తం పడుతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. జపాన్, కొరియాల్లో సంచులు కుడివైపు ఎక్కువ. కుడివైపు సంచికి వాపు వస్తే అచ్చం అపెండిసైటిస్‌లానే ఉంటుంది, ఏది ఏదో సీటీ స్కాన్‌లో తేలుతుంది.