ఎల్ సిస్టెమా: కుర్చీల కోసం మొదలై పేదపిల్లల పేరు మీద పెరిగిన ఆర్కెస్ట్రా

పేదపిల్లల చేతికి వయొలిన్ ఇస్తే వాళ్ల బతుకు మారుతుందన్న నమ్మకంతో ఇవాళ చాలా దేశాల్లో పిల్లల ఆర్కెస్ట్రాలు నడుస్తున్నాయి. వీటిలో చాలావాటికి స్ఫూర్తి వెనిజులాలోని ఎల్ సిస్టెమా అనే సంగీత శిక్షణ కార్యక్రమం. అయితే అది మొదలైనప్పుడు పేదరికం ఊసు పెద్దగా లేదు.

1975 ఫిబ్రవరిలో కారకాస్‌లోని ఒక గ్యారేజీలో హోసే ఆంటోనియో అబ్రియు మొదటి రిహార్సల్ పెట్టారు. ఆయన ఆర్థికవేత్త, సంగీతకారుడు కూడా. సంగీతం కాగితాలు పెట్టుకునే 50 స్టాండ్లు సిద్ధం చేస్తే వచ్చింది 11 మందేనని తర్వాత ఆయనే చెప్పేవారు. అప్పట్లో అక్కడి ఆర్కెస్ట్రాల్లో విదేశీయులదే హవా. సంగీతం చదువుకున్న స్థానిక కుర్రాళ్లకు అందులో చోటు దొరకడం గగనం. ముందు ఆ చోటు కోసమే ఈ ప్రయత్నం.

దాన్ని నిలబెట్టింది అబ్రియు లౌక్యం. సంస్కృతికి కేటాయించే నిధులు ఎక్కడైనా అరకొరే. అందుకే ఆయన సంక్షేమ శాఖల తలుపు తట్టారు. చమురు డబ్బున్న దేశం కావడం కలిసొచ్చింది. ప్రభుత్వాలు మారినా, చావెస్ అధ్యక్షుడిగా వచ్చినా నిధులు ఆగలేదు. 1990ల నుంచి ‘సామాజిక మార్పు’ అన్న మాట గట్టిగా వినిపించసాగింది. ఆ మాట వెనుక నిజాయితీ లేదని నేను అనను. కానీ లక్ష్యం ఎంత కారణమో, నిధుల అవసరం కూడా అంతే కారణం.

నూక్లియో అనే స్థానిక కేంద్రాల్లో జరిగే పని మాత్రం ముచ్చటైనది. బడి అయ్యాక పిల్లలు వస్తారు, మొదటి నుంచీ గుంపుగానే నేర్చుకుంటారు. కాస్త ముందున్నవాళ్లు చిన్నవాళ్లకు చెబుతారు. కొన్నిచోట్ల చిన్నపిల్లలకు ముందు కాగితం, జిగురుతో చేసిన వయొలిన్లే ఇస్తారు. మోగవు, కానీ గడ్డం కింద ఎలా ఆనించాలో, కమాను ఎలా పట్టాలో, పక్కవాడితో పాటు ఎప్పుడు లేవాలో వాటితోనే వస్తుంది. బార్కిసిమెటోలో వినికిడి లేని పిల్లలు తెల్ల గ్లౌజులు తొడుక్కుని చేతులతోనే పాడే బృందం కూడా ఉంది. ఆ ఊళ్లోనే పుట్టిన గుస్తావో డుడమెల్ ఇక్కడ ఎదిగి, 2009లో లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ సంగీత దర్శకుడయ్యాడు.

ఆ పేరు చూసి ప్రపంచం మురిసిపోతున్నప్పుడే అసలు లెక్క బయటికొచ్చింది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ 2012లో మొదలుపెట్టి 2,914 మంది పిల్లల మీద అధ్యయనం చేయించింది. ఏడాదిలో పిల్లల్లో నిగ్రహం కొంత పెరిగింది. ముఖ్యంగా హింసను చవిచూసిన మగపిల్లల్లో దుడుకుతనం తగ్గింది. ఇది చిన్న ఫలితం కాదు. కానీ అధ్యయనంలోని పిల్లల్లో పేదలు 16.7 శాతమే. వాళ్లుండే రాష్ట్రాల్లో పేదరికం 46.5 శాతం. తలుపు తెరిచి పెడితే, అక్కడిదాకా రాగలిగినవాళ్లే లోపలికి వచ్చారు. రోజూ దింపి తీసుకెళ్లే తీరిక పెద్దలకు లేని ఇంటి పిల్లలు బహుశా బయటే ఉండిపోయి ఉంటారు.

స్కాట్లాండ్‌లో 2008లో స్టిర్లింగ్‌లోని రాప్లోక్ పేటలో మొదలైన బిగ్ నాయిస్ అనే ఇలాంటి కార్యక్రమమే ఈ విషయంలో వేరే దారి పట్టింది. కష్టాల్లో ఉన్న పేటను ముందు ఎంచుకుని, అక్కడి బడిలోకే టీచర్లను పంపింది. చిన్న తరగతుల పిల్లలందరికీ బడి వేళల్లోనే సంగీతం చెబుతారు. ఎవరూ పేరు నమోదు చేయించాల్సిన పని లేదు.