'హ్యావ్' ఒక్క అర్థంతో తెగే మాట కాదు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో లాడ్జి రిసెప్షన్‌లోనో, ట్రావెల్స్ కౌంటర్లోనో, టాక్సీలోనో పనిచేసేవాళ్లకు బయటి రాష్ట్రాల భక్తులతో ఇంగ్లిష్ తప్పదు. ఆ మాటల్లో అడుగడుగునా తగిలే క్రియ 'హ్యావ్'. తప్పులు ఎక్కువగా దొర్లేదీ అక్కడే.

అపోహ: 'హ్యావ్' అంటే 'కలిగి ఉండు'.

ఇంట్లో ఎవరూ 'నేను ఇద్దరు అన్నలను కలిగి ఉన్నాను' అనరు. 'నాకు ఇద్దరన్నలుండారు' అంటాం. ఈ పనికి తెలుగులో విడిగా క్రియ లేదు. 'ఉండు'తోనే నడిపిస్తాం: నాకు ఉంది, నా దగ్గర ఉంది, గదిలో ఉంది. ఈ మూడింటికీ ఇంగ్లిష్‌లో 'హ్యావ్' సరిపోతుంది. ఆ సంగతి తెలియక మన విభక్తుల్ని మక్కీకి మక్కీ దించితే 'ఫర్ మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్', 'ఇన్ రూమ్ గీజర్ ఈజ్ దేర్' అవుతుంది. విభక్తి తీసేసి ఆ మనిషిని, ఆ గదిని కర్తగా ముందు పెట్టండి: 'ఐ హ్యావ్ టూ బ్రదర్స్', 'ద రూమ్ హ్యాజ్ ఎ గీజర్'. జ్వరం, తలనొప్పి, సందేహం కూడా ఇంతే.

అపోహ: 'హ్యావింగ్' ఎక్కడ వాడినా తప్పే.

'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' తప్పు. 'వుయ్ ఆర్ హ్యావింగ్ టిఫిన్' ఒప్పు. తెలుగులో 'ఉంది' పడేచోట 'ఇంగ్' రాదు. 'తింటున్నాం', 'తాగుతున్నాం' పడేచోట వస్తుంది.

అపోహ: అయిపోయిన పనికి 'హ్యావ్' చేరిస్తే మంచి ఇంగ్లిష్ అవుతుంది.

ఇంటర్వ్యూల్లో ఇది తరచూ వినిపిస్తుంది: 'ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2021'. గడిచిపోయిన సమయం వాక్యంలో ఉంటే 'హ్యావ్'కు చోటు లేదు. 'ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2021' అనాలి. ఏడాది చెప్పకపోతే 'ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ' నిక్షేపంగా ఉంటుంది. చిత్తూరు యాసలో 'మామ వచ్చుండాడు' అంటే వచ్చాడు, ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు అని. 'హ్యాజ్ కమ్' చేసే పనీ అదే: పని అయింది, దాని ఫలితం ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ 'ఉండాడు'ను పట్టుకుంటే వ్యాకరణం పుస్తకం సగం అర్థమైనట్టే.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకొకటి. '2019 నుంచి తిరుపతిలో ఉంటున్నా' అని మనం వర్తమానంలో అంటాం కాబట్టి 'ఐ యామ్ లివింగ్ ఇన్ తిరుపతి సిన్స్ 2019' అనేస్తాం. అక్కడ 'హ్యావ్' కావాలి: 'ఐ హ్యావ్ బీన్ లివింగ్'. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోంది కాబట్టి.

అపోహ: 'హ్యాడ్ హ్యాడ్' అచ్చుతప్పు.

కాదు. 'దే హ్యాడ్ హ్యాడ్ టిఫిన్ బిఫోర్ ద బస్ కేమ్'లో మొదటిది సహాయక క్రియ, రెండోది 'తిన్నారు'. తప్పంతా 'డిడ్ యు హ్యాడ్ దర్శన్?'లో ఉంది. భూతకాలాన్ని 'డిడ్' మోసేసింది కనుక 'డిడ్ యు హ్యావ్' అనాలి.

అపోహ: 'గుండు చేయించుకున్నాను'కి 'ఐ షేవ్డ్ మై హెడ్' చాలు.

అలా అంటే కత్తి మీరే పట్టారనుకునే వీలుంది. కల్యాణకట్టలో చేయించుకున్నదానికి 'ఐ హ్యాడ్ మై హెడ్ షేవ్డ్'. మన 'ఇంచు' చేసే పనిని ఇక్కడ 'హ్యావ్' చేస్తుంది: చేయించు, కుట్టించు, కడిగించు. వరస చూసుకోవాలి: ముందు 'హ్యావ్', తర్వాత వస్తువు, చివర క్రియ మూడో రూపం. వరస తప్పి 'ఐ హ్యాడ్ షేవ్డ్ మై హెడ్' అంటే 'అప్పటికే గొరుక్కున్నాను' అని అర్థం మారిపోతుంది. మాటలు అవే, చోటే వేరు.

చేసే మనిషిని కూడా చెప్పాలంటే మూడో రూపం పోయి మొదటి రూపం వస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కేముందు మెకానిక్‌తో బ్రేకులు చూపించానంటే 'ఐ హ్యాడ్ ద మెకానిక్ చెక్ ద బ్రేక్స్'. మధ్యలో 'టు' పెట్టకూడదు. మనవాళ్లు తరచూ పెడతారు.

'ఐ హ్యాడ్ మై పర్స్ స్టోలెన్' అచ్చం 'ఐ హ్యాడ్ మై హెడ్ షేవ్డ్' అచ్చులోనే ఉంటుంది గానీ, ఎవరూ పర్సు కొట్టేయించుకోరు. 'నా పర్సు ఎవరో కొట్టేశారు' అని దాని అర్థం. మనం చేయించిందా, మనకు జరిగిందా అన్నది సందర్భమే చెబుతుంది.

అపోహ: 'హ్యావ్ టు', 'మస్ట్' ఒకటే కనుక వాటి వ్యతిరేకాలూ ఒకటే.

'వెళ్లాలి' అన్నప్పుడు రెండూ దాదాపు ఒకటే. 'నాట్' చేరగానే దారులు చీలిపోతాయి. 'డోంట్ హ్యావ్ టు' అంటే అక్కర్లేదు. 'మస్ట్ నాట్' అంటే కూడదు. శ్రీవారి ఆలయంలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లకూడదు. రిసెప్షన్‌లో 'యు డోంట్ హ్యావ్ టు క్యారీ యువర్ ఫోన్' అని చెబితే, 'ఇష్టముంటే తీసుకుపోవచ్చు' అని వాళ్లకు వినపడుతుంది. తీరా క్యూ దగ్గర ఆపేస్తే ఫోన్ డిపాజిట్ చేయడానికి వెనక్కి నడవాల్సింది వాళ్లే. 'యు మస్ట్ నాట్ క్యారీ యువర్ ఫోన్' అనండి. కటువుగా తోస్తే 'ఫోన్స్ ఆర్ నాట్ అలౌడ్ ఇన్‌సైడ్' అనండి. అదే నడిచి కొండెక్కడం గురించైతే 'యు డోంట్ హ్యావ్ టు వాక్, దేర్ ఆర్ బసెస్' సరైన మాట.

పలికేటప్పుడు ఈ 'హ్యావ్ టు' 'హ్యాఫ్టు'గా, 'హ్యాజ్ టు' 'హ్యాస్టు'గా వినిపిస్తుంది. ఒక్కో అక్షరం విడదీసి పలకనక్కర్లేదు.