రెడ్ అయి మళ్లీ గ్రీన్ అయ్యే చెక్: అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఈ చెక్ ఊరికే రెడ్ అయి మళ్లీ గ్రీన్ అవుతోంది, అటెంప్ట్స్ పెంచేయనా?" సర్వర్లని కాపలా కాసే మా నైట్ షిఫ్ట్‌కి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మొదటి వారంలోనే అడుగుతారు. చెక్ అంటే సర్వీస్ పనిచేస్తోందా లేదా అని నాగియోస్ లాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పదేపదే చేసే పరీక్ష. ఈ నెలలో ఇప్పటికే ముగ్గురు. రాత్రి మూడింటికి ఫోన్ మోగితే ఎవరికైనా అదే అనిపిస్తుంది, వాళ్లనేమీ అనను. ఈ చిట్కాని మంత్రంలా ఒకరి చెవిలో ఒకరు ఊదే సీనియర్ల మీదే నా కోపం. నాగియోస్ లెక్కలో చెబుతాను, 2009లో దాన్నుంచే విడిపోయిన ఐసింగాలోనూ సంగతి దాదాపు ఇంతే.

అపోహ: మ్యాక్స్ చెక్ అటెంప్ట్స్ పెంచితే గోల తగ్గుతుంది.

తగ్గుతుంది, ఎందుకు తగ్గదు! ఫోన్ చేసే ముందు చెక్ వరసగా ఎన్నిసార్లు ఫెయిల్ అవ్వాలో చెప్పేదే ఈ అటెంప్ట్స్, ఫెయిల్ అయ్యాక మళ్లీ చూసే ఎడం రీట్రై. మామూలు చెక్ 5 నిమిషాలకోసారి, రీట్రై 1 నిమిషం, అటెంప్ట్స్ 3 అనుకోండి. చెక్ అయిన మరుక్షణమే సర్వీస్ పడిపోయినా దాదాపు 7 నిమిషాల్లో హార్డ్ స్టేట్‌కి (అటెంప్ట్స్ అన్నీ అయిపోయి ఖాయమైన స్థితి, అంతవరకూ సాఫ్ట్ అంటారు) వచ్చి మీకు ఫోన్ వస్తుంది. అదే అటెంప్ట్స్ 10 చేసి, రీట్రై కూడా 5 పెట్టారా, 50 నిమిషాలు. అప్పటికి కస్టమరే మీకు ఫోన్ చేసి ఉంటాడు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది, మధ్యలో ఒక్కసారి ఓకే వచ్చినా లెక్క మళ్లీ ఒకటి నుంచే. నేను ఇదివరకు పనిచేసిన చోట ట్రాఫిక్‌ని పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు యాప్ సర్వర్లు ఉండేవి. ఒకదాంట్లో అప్లికేషన్ చచ్చింది, కనెక్షన్ తీసుకునే పోర్ట్ మాత్రం పలుకుతోంది, లోడ్ బ్యాలెన్సర్ చూసేది పోర్ట్‌నే కాబట్టి ట్రాఫిక్ సగం అటే పోతోంది. మా చెక్‌కి ఒకసారి మంచి పేజీ, ఒకసారి 500 ఎర్రర్. లాగ్‌లో క్రిటికల్ సాఫ్ట్ 1, ఓకే, క్రిటికల్ సాఫ్ట్ 1, ఓకే... నాలుగు రోజులు ఇదే వరస, ఒక్క ఫోనూ రాలేదు. సగం మందికి పేమెంట్ పేజీ తెరుచుకోవట్లేదని సపోర్ట్ వాళ్లు అరిచాక లాగ్ తీశాను. అటెంప్ట్స్‌ని 3 నుంచి 5 చేసింది నేనే. 3 ఉన్నా ఫోన్ వచ్చేది కాదు, అది వేరే సంగతి, కానీ 5 చేసిన రోజే ఆ చెక్ వైపు చూడటం మానేశాను. తర్వాత ఒక్కో సర్వర్‌కి నేరుగా ఒక్కో చెక్ పెట్టాం.

కాబట్టి ముందు ఆ చెక్ చేసే చిన్న ప్రోగ్రామ్‌ని, అంటే ప్లగిన్‌ని, నాగియోస్ యూజర్‌గా చేత్తో పది సార్లు నడిపి, ఎంతసేపు పడుతోందో చూడండి. అవతలి సర్వర్‌లో ఉన్న ఏజెంట్ ద్వారా ప్లగిన్‌ని నడిపించే ఎన్‌ఆర్‌పీఈ చెక్ మామూలుగా 10 సెకన్లకి టైమ్ అవుట్ అవుతుంది. మీ స్క్రిప్ట్‌కే 9 సెకన్లు పడుతుంటే సర్వర్ కాస్త బిజీ అయినప్పుడల్లా రెడ్ అవ్వాల్సిందే, బాగుచేయాల్సింది స్క్రిప్ట్‌ని. చెక్ ఎన్‌ఆర్‌పీఈ కమాండ్‌కి మైనస్ యూ (-u) అని ఇస్తే టైమ్ అవుట్ క్రిటికల్‌గా కాక అన్‌నోన్‌గా, అంటే తెలియదని, వస్తుంది. సర్వీస్ పోయిందా, మనం చూడలేకపోయామా అన్నది అక్కడే తేలిపోతుంది.

అపోహ: డిపెండెన్సీ పెట్టేశాం, ఇక ఒక్క ఫోనే వస్తుంది.

ఏజెంట్ ఆగిపోతే డిస్క్, మెమరీ, లోడ్ అన్నీ కలిసి పద్నాలుగు ఫోన్లు వస్తున్నాయని, ఏజెంట్ పోతే మిగతావాటికి ఫోన్ చేయొద్దని చెప్పే డిపెండెన్సీ పెడతారు. అయినా వస్తాయి! ఎందుకంటే డిఫాల్ట్‌గా నాగియోస్ మాస్టర్ సర్వీస్ (ఇక్కడ ఏజెంట్) చివరి హార్డ్ స్టేట్‌నే చూస్తుంది. ఏజెంట్ చెక్‌కి అటెంప్ట్స్ 4, డిస్క్ చెక్‌కి 2 ఉన్నాయనుకోండి, ఏజెంట్ ఇంకా సాఫ్ట్‌లో ఉండగానే డిస్క్ హార్డ్ అయిపోయి మీ నిద్ర చెడగొడుతుంది. మాస్టర్ చెక్ ముందు హార్డ్ అవ్వాలి, అందుకే దానికి తక్కువ అటెంప్ట్స్, చిన్న రీట్రై పెట్టండి. హోస్ట్‌లకి (సర్వర్లు, స్విచ్‌ల వంటివి) పేరెంట్స్, అంటే వాటిని చేరే దారిలో ముందు వచ్చే పరికరాలు, రాసేటప్పుడు మానిటరింగ్ సర్వర్ దగ్గర నిలబడి దారి చూడండి, ర్యాక్ బొమ్మ చూసి రాయకండి. స్విచ్ పోయినప్పుడు దాని వెనకవన్నీ డౌన్ బదులు అన్‌రీచబుల్ అవుతాయి, కానీ మీ కాంటాక్ట్ సెట్టింగ్‌లో అన్‌రీచబుల్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే వాటికీ ఫోన్లు వస్తూనే ఉంటాయి.

మిగతావి గబగబా. ఫ్లాపింగ్‌ని (స్టేట్ పదేపదే మారడాన్ని) నాగియోస్ గుర్తు పడితే నోటిఫికేషన్లు ఆగుతాయి, జబ్బు ఆగదు. అన్‌నోన్‌ని వదిలేయొచ్చు అన్నది పుకారు, చాలాసార్లు పర్మిషనో తప్పు ఆర్గ్యుమెంటో ఉంటుంది, అంటే ఆ సర్వీస్‌ని అసలు ఎవరూ చూడట్లేదన్నమాట.

కాన్ఫిగ్ ముట్టుకుంటే మొత్తం పడిపోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. రీలోడ్‌కి ముందు నాగియోస్‌ని మైనస్ వి (-v) తో నడపండి, ఒకదాని మీద ఒకటి ఆధారపడి చుట్టూ తిరిగే డిపెండెన్సీలు ఉంటే అక్కడే చెప్పేస్తుంది. తప్పు చూపిస్తే రీలోడ్ చేయకండి, పాత కాన్ఫిగ్ అలాగే నడుస్తూ ఉంటుంది.