విశాఖ చలికి ఆపిల్ కాయదు: పెరటి మొక్కల ఎంపికలో అపోహలు – వాస్తవాలు

డిసెంబర్ వచ్చిందంటే మా నర్సరీలో ఒకే ప్రశ్న మొదలవుతుంది. గేటు దాటి లోపలికి వస్తూనే ఫోన్ తీసి ఫొటో చూపిస్తారు. కుండీలో ఆపిల్ చెట్టు, కొమ్మ కొమ్మకీ ఎర్రటి కాయలు. "ఇది మన దగ్గర వస్తుందా అండీ? చలికాలమే కదా, ఇప్పుడు వేసేస్తే నాటుకుంటుంది కదా?"

మధురవాడ దగ్గర నర్సరీ పెట్టి పంతొమ్మిదేళ్లయింది. మొదట్లో ఏడాదికి ఇద్దరో ముగ్గురో అడిగేవారు, ఇప్పుడు వారానికి అంతమంది అడుగుతున్నారు. మొక్కల మీద ఇష్టంతో అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ ఫొటో కింద "ఏ వాతావరణంలోనైనా కాస్తుంది" అని రాసి అమ్మేవాళ్ల మీద, నిజమో కాదో చూడకుండా దాన్ని పది గ్రూపులకి పంపేవాళ్ల మీద మాత్రం ఉంది.

అపోహ: గడ్డకట్టే చలినే తట్టుకునే మొక్కకి మన విశాఖ చలి ఒక లెక్కా?

అన్నిటికంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ ఏళ్లు పోయేది దీనివల్లే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

విదేశీ విత్తనాల ప్యాకెట్ల మీద, వీడియోల్లో "జోన్ 4 వరకు హార్డీ" లాంటి మాట కనిపిస్తుంది. ఈ జోన్లు అమెరికా వ్యవసాయ శాఖ గీసినవి. ఒక చోట ఏడాదిలో అతి చల్లని రాత్రి ఎంత ఉందో చూసి, అలా చాలా ఏళ్లవి తీసి సగటు కట్టి, ఆ లెక్కన 13 జోన్లు చేశారు. మొదటి మ్యాప్ 1960లో వచ్చింది, తాజాది 2023లో. జోన్ 4 అంటే మైనస్ 29 నుంచి మైనస్ 34 డిగ్రీల వరకు. అదే లెక్క మన ఊరికి వేస్తే 12, 13 జోన్ల దగ్గర తేలుతాం. ఇక్కడ ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి కూడా మామూలుగా 10 డిగ్రీల కిందకి దిగదు.

జోన్ 4 మొక్క అంటే గట్టి మొక్క, మన దగ్గర ఇంకా హాయిగా బతుకుతుంది అనుకుంటారు. ఆ అంకె చెప్పేది ఒక్కటే: ఇంత చలికి చావదు అని. ఎండకి ఏమవుతుందో, ఉక్కపోతకి ఏమవుతుందో, చలి చాలకపోతే ఏమవుతుందో ఆ అంకెలో లేదు. విశాఖలో మొక్కని చంపేవి సరిగ్గా ఆ మిగతా మూడే.

చలి చాలకపోవడం ఏమిటి అని అడుగుతారు. ఆపిల్, పియర్, చెర్రీ లాంటి చెట్లు ఆకు రాల్చి నిద్రపోతాయి. నిద్ర లేవడానికి వాటికో లెక్క ఉంది. సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ చలిలో ఇన్ని గంటలు గడవాలి. హిమాచల్, కశ్మీర్ పాత రకాలకి అటూ ఇటూగా 1,000 గంటలు కావాలి. 'అన్నా', 'డోర్సెట్ గోల్డెన్' లాంటి తక్కువ చలి రకాలకి కూడా 200 నుంచి 300 గంటలు అంటారు. మన సిటీలో సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కూడా 17, 18 డిగ్రీలుంటుంది. 7 కిందకి దిగే గంటలు మనకి సున్నా. దాంతో చెట్టు సరిగా నిద్రపోదు, సరిగా లేవదు. కొమ్మ చివర నాలుగాకులు వేస్తుంది, మధ్యంతా బోడిగా ఉండిపోతుంది.

స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయనకి ఆనందపురం వైపు కొంచెం స్థలం ఉంది. ఆన్‌లైన్‌లో 24 ఆపిల్ మొక్కలు తెప్పించుకున్నారు. మూడో ఏడు నన్ను తీసుకెళ్లి చూపించారు. అంత శ్రద్ధగా చేసిన పాదులు నేను ఎక్కడా చూడలేదు. ప్రతి పాదులో ఎండుగడ్డి పరిచి ఉంది, ప్రతి మొక్కకి మనవరాలు స్కెచ్ పెన్నుతో రాసిన చీటీ కట్టి ఉంది. మొక్కలేమో వేసినప్పుడు ఎంత ఉన్నాయో దాదాపు అంతే. కొమ్మ చివర్లలో చేతివేలంత చిగురు, ఆకుల అంచులు మాడి బిరుసెక్కి ఉన్నాయి. పడమటి ఎండ కొట్టే వైపు కాండం బెరడు నిలువునా పగిలింది, చీలికలో గోరు దూరుతోంది. డబ్బు గురించి ఆయన ఒక్క మాట అనలేదు. "మూడేళ్లు నీళ్లు మోసేనమ్మా, ఈ మూడేళ్లలో మామిడైతే ఎంత ఎదిగేదో" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆయనకి అమ్మినవాళ్లు తర్వాత ఫోన్ కూడా ఎత్తలేదు.

"45 డిగ్రీల ఎండ తట్టుకునే ఆపిల్ వచ్చింది కదా" అంటారు. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో హరిమన్ శర్మ అనే రైతు తయారుచేసిన హెచ్ఆర్ఎంఎన్-99 రకం గురించే ఆ మాట. ఆయన కృషి గొప్పది. అక్కడి వేసవిలో ఎండ మండిపోతుందన్నదీ నిజమే. కానీ అదే ఊళ్లో డిసెంబర్, జనవరి రాత్రులు వణికిస్తాయి, మనకి ఆ రాత్రులు లేవు. ఇండోనేషియాలో ఆకులు దూసేసి, చెట్టుని నిద్రపోనివ్వకుండా ఆపిల్ పూయిస్తారు. అదీ నిజమే, కానీ అవి ఎత్తైన, చల్లని కొండ ఊళ్లు. మన దగ్గర ఎవరి కుండీలోనో రెండు కాయలు కాస్తే నేను కాదనను. ఆ రెండు కాయల ఫొటో చూసి 24 మొక్కలు కొనకండి.

ట్యూలిప్ దుంపలదీ ఇదే కథ. వాటికి 12 నుంచి 16 వారాల చలి కావాలి. ఫ్రిజ్‌లో పెట్టి ఒక్కసారి పూయించుకోవచ్చు, ఆ దుంప మళ్లీ ఏడాదికి పనికిరాదు.

ఇక వేడి. అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో వేడికి కూడా ఒక మ్యాప్ వేసింది. 30 డిగ్రీలు దాటే రోజులు ఏడాదికి ఎన్ని అనేది దాని లెక్క. 210 రోజులు దాటితే 12వ జోన్, అదే ఆఖరిది. మనం ఉండేది ఆ ఆఖరి జోన్‌లోనే. పైగా మే నెలలో మనకి రాత్రులు కూడా 27, 28 డిగ్రీలకి తగ్గవు. పగలు ఆకు వండుకున్నదంతా ఆ వేడి రాత్రుల్లో ఊపిరికే ఖర్చయిపోతుంది. చల్లని దేశపు మొక్క అలా రోజురోజుకీ చిక్కిపోతుంది. మీరు నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకా పోస్తారు, వేరు కుళ్లుతుంది. లావెండర్ ఎక్కువగా అలాగే పోతుంది. ఎండాకాలం ఎలాగో గట్టెక్కినా జూలై తేమకి తట్టుకోలేదు.

అపోహ: లంబసింగిలో స్ట్రాబెర్రీ కాస్తోంది కదా, అదీ మన విశాఖే కదా?

2022 వరకు జిల్లా ఒకటే, వాతావరణం ఎప్పుడూ ఒకటి కాదు. లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. కిలోమీటరు ఎత్తుకి ఆరు డిగ్రీలకి పైగా చల్లబడుతుంది. మబ్బు లేని రాత్రి ఆ లోయల్లో చల్లగాలి కిందకి దిగి నిలిచిపోతుంది, అందుకే అక్కడ కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి వెళ్తాయి. ఇక్కడ మన పక్కన సముద్రం ఉంది, అది రాత్రి చలిని పడనివ్వదు. వ్యవసాయ శాస్త్రవేత్తలు పాత విశాఖ జిల్లాని ఎప్పుడో రెండుగా చూశారు. ఉత్తర కోస్తా జోన్‌కి అనకాపల్లిలో, కొండ ప్రాంత గిరిజన జోన్‌కి చింతపల్లిలో వేర్వేరు పరిశోధన స్థానాలు పెట్టారు. మనం అనకాపల్లి వైపు లెక్క. అరకు ట్రిప్‌లో చూసి ముచ్చటపడి తెచ్చుకునే ప్రతి మొక్కకీ ఇదే వర్తిస్తుంది.

స్ట్రాబెర్రీ మీద మనసు పడితే నవంబర్‌లో కుండీలో వేయండి, ఫిబ్రవరి దాకా పిల్లలకి నాలుగు పళ్లు దొరుకుతాయి. మార్చి, ఏప్రిల్‌లో అది పోతుందని తెలిసి వేసుకుంటే బాధ ఉండదు.

అసలు చిక్కు జనవరిలో ఉంది. మనకి ఏడాదిలో మొక్కలకి అన్నిటికంటే సుఖమైన నెల అదే. కడియం నుంచి వచ్చినా, బెంగళూరు షెడ్లలో పెరిగి వచ్చినా, ఆ నెలలో ప్రతి మొక్కా నిగనిగలాడుతుంది. దాన్ని చూసి ఇది మన ఊరి మొక్కే అనుకుంటాం. కొనేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఇది మే నెలలో మీ దగ్గర ఎలా ఉంది?" నిరుడు మే నెల ఇక్కడే చూసిన మొక్క ఉంటే చూపించమనండి. నేనైతే చూపిస్తాను. చూపించలేని మొక్కని ఒక్క సీజన్ పువ్వుగానే కొనండి. పెటూనియా, డయాంథస్ అలాంటివే, వాటికి ఆ ధరే పెట్టండి.

సొంత స్థలం ఉండి ఏళ్ల తరబడి ఉండే చెట్టు కావాలంటే సువర్ణరేఖ మామిడి ఉంది, అది మన ఉత్తరాంధ్ర రకం. సీతాఫలం, సపోటా, పనస ఉన్నాయి. సింహాచలం కొండ మీద సంపెంగ, అనాస తరతరాలుగా ఉన్నాయి. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

అపోహ: ఆకుల అంచులు చలికి మాడిపోయాయి.

బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో ఈ మాట ఎక్కువ వింటాను. నవంబర్‌లో అల్పపీడనం వచ్చి వెళ్లిన వారం ఒకావిడ రమ్మంటే వెళ్లాను. మూడో అంతస్తు బాల్కనీలో నిమ్మ, మందారం ఆకుల అంచులు గోధుమ రంగుకి తిరిగి ఉన్నాయి. సముద్రం వైపు కొమ్మలే అలా ఉన్నాయి, గోడ వైపువి పచ్చగానే ఉన్నాయి. బాల్కనీ అద్దం మీద వేలితో గీస్తే తెల్లటి పొర వేలికి అంటింది. అది ఉప్పు. రాత్రిళ్లు మొక్కలకి దుప్పట్లు కప్పుతున్నారు పాపం. దుప్పట్లు తీసేయించి, మంచినీళ్లతో ఆకులు కడగమన్నాను. గాలి హోరు ఉన్న రోజుల్లో సాయంత్రం ఒకసారి కడిగితే చాలు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత ఊరంతా ఇలాగే నిప్పు పెట్టినట్టు అయిన సంగతి మర్చిపోయారా? సముద్రం ఎదురుగా ఉండేవాళ్లు కాగితం పూలు, గన్నేరు, దేవగన్నేరు, అడీనియం పెట్టుకోండి. కింద నేల ఉంటే పొన్న, గంగరావి, కొబ్బరి వేసుకోండి.

అపోహ: చలి పడలేదు కాబట్టే చామంతి పూయలేదు.

చామంతి ముఖ్యంగా చూసేది రాత్రి పొడవుని. పొద్దు తగ్గి, చీకటి ఎక్కువ గంటలు ఉంటేనే మొగ్గ కడుతుంది. వీధిలైటు పక్కన పెడితే దానికి రాత్రే ఉండదు. మా వీధిలో ఒకరి చామంతి కుండీకి ఒక వైపే పూలు పూశాయి. స్తంభం లైటు పడే వైపు ఉత్త ఆకులే. కుండీని మెట్ల చాటుకి జరిపించాను. అక్టోబర్ నుంచే వాటిని లైట్లకి దూరంగా పెట్టండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కాలీఫ్లవర్ ఆకులే వేసి పువ్వు కట్టలేదంటే చాలాసార్లు విత్తనం రకమే తేడా. స్నోబాల్ రకాలకి మనకి లేని చలి కావాలి, తొందరగా వచ్చే వేడి ప్రాంతపు రకం అడిగి తీసుకోండి. గులాబీకి అంటు కింద నుంచి వేరే రకం కొమ్మలు ఏపుగా వస్తే మురిసిపోకుండా కోసేయండి, లేదంటే పై రకాన్ని తినేస్తాయి. చలికాలంలో కుండీలకి రోజూ నీళ్లు అక్కర్లేదు, వేలు రెండు కణుపుల లోతు దించి పొడిగా తగిలితేనే పోయండి. కాపుకొచ్చిన మామిడికి నవంబర్, డిసెంబర్‌లలో నీళ్లు ఆపండి, లేకపోతే పూత బదులు చిగురు వేస్తుంది.

ఇక చివరిది, మల్లె. నిరుడు డిసెంబర్‌లో పెందుర్తి వైపు నుంచి ఒక అమ్మమ్మ ఆటోలో కుండీ ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఆకులు పసుపెక్కి సగం రాలిపోయాయి. "సచ్చిపోనాదా అమ్మా? మా ఆయన పెట్టిన మొక్క" అంది. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తోంది, టెన్షన్‌తో నిద్ర కూడా పట్టడం లేదంది. పుల్లని గోటితో కొద్దిగా గీరి చూపించాను. బెరడు కింద లేత పచ్చగా, తడిగా ఉంది. పచ్చ కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. మల్లెకి ఈ చలి విశ్రాంతి మాత్రమే. నవంబర్ చివర నీళ్లు తగ్గించి, మిగిలిన ఆకు దూసి, మూరెడు ఎత్తున కత్తిరించి వదిలేయాలి. ఆవిడ మొక్కని అక్కడే కత్తిరించి ఇచ్చాను. జనవరి చివర్లో కొత్త చిగురు కనిపించాక పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్లు మొదలుపెట్టమన్నాను. మార్చిలో మళ్లీ ఆటోలోనే వచ్చింది, ఈసారి కొంగులో మల్లెమొగ్గలు తెచ్చింది.