మా చింతచెట్టునే ఎందుకు పట్టుకున్నాయి?

ఒడిశాలోని గుణుపురం దగ్గర, వంశధార ఒడ్డున మా ఊరు. అమ్మవారి గుడి పక్కనున్న చింతచెట్టు నిండా గబ్బిలాలే. కాస్త దూరంలో గుబురైన మామిడితోట ఉన్నా అటు పోవు. "అమ్మవారు కాస్తోంది, అందుకే ఇక్కడుంటాయి" అనేది మా అమ్మమ్మ. ఆ మాటలో సగం జీవశాస్త్రం ఉందని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

ఇవి పళ్ళు తినే పెద్ద గబ్బిలాలు. రెక్కలు చాపితే మీటరు దాటుతాయి, బరువు కిలో పైనే ఉండొచ్చు. అంత ఒళ్ళు వేసుకుని నేల మీంచి లేవడం చాలా కష్టం. కొమ్మ వదిలి కిందికి జారి, ఆ జారుడులోనే రెక్కల కింద గాలి పట్టించుకోవాలి. అందుకే ఎత్తయిన చెట్టు కావాలి, కింద ఖాళీ కావాలి. మామిడితోటలో ఆ ఖాళీ ఏది? ఇక వేలాడటమంటారా, అది వాటికి శ్రమే కాదు. ఒంటి బరువుకే కాలివేళ్ళ స్నాయువులు, అంటే కండను ఎముకకు కట్టే తాళ్ళు, బిగుసుకుని గొళ్ళెం పడిపోతాయి. నిద్రలోనూ పట్టు జారదు.

అసలు కష్టం ఎండతో. రెక్కలంటే వెంట్రుకలు లేని పల్చటి చర్మం, దాని నిండా రక్తనాళాలు. వేడి బయటికి పోవడానికి అది మంచి దారే గానీ, ఒంట్లో నీరూ అలాగే పోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మా చెట్టు కింద నిలబడి చూడండి, రెక్కలతో విసురుకుంటూ ఒళ్ళు నాక్కుంటూ ఉంటాయి. సాయంత్రం ఏటి మీదుగా పోతూ పొట్ట నీళ్ళకు తగిలించి, ఆ తడిని నాకి దాహం తీర్చుకుంటాయి. ఏరు దగ్గర్లో ఉండటం వాటికి అంత ముఖ్యం. 2014 జనవరిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక్క వడగాడ్పు రోజునే ఇలాంటి పెద్ద గబ్బిలాలు 45 వేలకు పైగా చచ్చిపోయాయి. ఆ లెక్క చదివిన దగ్గర్నుంచీ మా దగ్గర వేసవి వస్తోందంటే నాకు టెన్షనే.

అంత ఎండయితే చల్లగా గుహలో ఉండొచ్చు కదా? ఉండలేవు. ఇవి కళ్ళతో, ముక్కుతో దారి వెతుక్కుంటాయి, చీకటి గుహలో వీటికి దారి తెలియదు. కానీ వీటి చుట్టాల్లోనే మరో రకం పళ్ళ గబ్బిలం నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేసి, ప్రతిధ్వనిని బట్టి దారి పోల్చుకుంటుంది. అది గుహల్లో హాయిగా బతుకుతుంది. కొరాపుట్ జిల్లా గుప్తేశ్వరంలో, శబరి ఒడ్డున, శివుడున్న సున్నపురాతి గుహలు చూశారా? అలాంటి గుహ లోపల ఏడాది పొడవునా వేడి పెద్దగా మారదు, గాలి తేమగా ఉంటుంది. రెక్కల్లోంచి నీరు ఆరిపోదు. కప్పులో బోర్లించిన గిన్నెలాంటి గుంటలుంటే గబ్బిలాల ఒంటివేడి పైకి చేరి అక్కడే నిలుస్తుంది. ఒంటి మీద బొచ్చు లేని పసికూనలకు అది పురిటిగది.

నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది జీలుగుచెట్టు కాపురం. మన కొండల్లో కల్లు గీసే చెట్టే, ఒడియాలో సలపం అంటారు. దాని గెల జడలు జడలుగా వేలాడుతుంది కదా! పొట్టిముక్కు గబ్బిలం మగది ఆ గెల లోపలి జడల్ని రోజుల తరబడి కొరికి, గంట ఆకారంలో గూడు తొలుస్తుంది. పైన గొడుగు, చుట్టూ తెర, కింద మాత్రం తెరుపు. ఆ గూడు నచ్చితే ఆడవి వచ్చి చేరతాయి. చెట్టును వెతుక్కోవడం ఒక ఎత్తు, ఇల్లు కట్టి పెళ్ళికి సిద్ధపడటం ఇంకో ఎత్తు!

ఇక అమ్మమ్మ మాట. ఎత్తూ నీడా నీరూ అన్నీ ఉన్నా, పగలు నిద్ర చెడగొట్టే చోట గబ్బిలం నిలవదు. గుడిచెట్టు మీద ఎవరూ రాళ్ళు రువ్వరు, కొమ్మ నరకరు. అందుకే తరాలు మారినా అదే చెట్టు. చట్టం మాత్రం చాలాకాలం అమ్మవారంత దయ చూపలేదు. 1972 వన్యప్రాణి చట్టం పళ్ళ గబ్బిలాలను ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితానే పోయింది.

పెద్ద గబ్బిలం ఏడాదికి కనేది ఒక్క పిల్లనే. ఎండలు ముదిరే వేళకు చాలా తల్లుల పొట్టన పిల్ల కరుచుకుని ఉంటుంది. సరిగ్గా అప్పుడే మా అమ్మవారి సంబరం. మందుగుండు పేలగానే చెట్టంతా ఒక్కసారి లేచిపోతుంది, ఆ కంగారులో పట్టు తప్పి కిందపడిన కూనల్ని రెండేళ్ళు వరసగా చూశాను. ఈసారి సంబరం పెద్దల్ని అడిగాను, మందుగుండు ఏటి అవతల ఇసుకలో కాల్చుకుందామని. ఒప్పుకున్నారు.